పాత కాంటెస్సా – మూడు ఇంజిన్లు

గోదావరి కుడిగట్టున వెలసిన రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో యంత్రంతో పరిచయం లేని ఇల్లు అరుదు. ఒక ఇంట తండ్రి డంపర్ ఆపరేటర్ అయితే, పొరుగింట ఫిట్టర్ ఉంటాడు. ఎదురింటివారు ఎన్‌టీపీసీ విద్యుత్ కేంద్రంలో పనిచేసి ఉంటారు. అందుచేత అక్కడ పాత కారు కొనడం ఒక్క కుటుంబానికి చెందిన వ్యవహారంగా మిగలదు; వాడకట్టంతా తలా ఒక మాట చెబుతుంది. సలహాలకు లోటుండదు గాని, పోయే సొమ్ము మాత్రం ఒక్కరిదే.

భూగర్భ గనిలో జీవితకాలం పనిచేసి పదవీ విరమణ పొందిన ఓవర్‌మన్ ఒకరు, చేతికందిన గ్రాట్యుటీలో కొంత వెచ్చించి, యౌవనంలో ఆశపడిన కాంటెస్సా కారును ఇప్పుడు కొనదలచినాడని అనుకోవచ్చు. కూతురు వివాహం, ఇంటి నిర్మాణం ముగిసిన పిదప మిగిలిన సొమ్ము అది. మళ్ళీ సంపాదించే వయస్సు కాదు. కనుక అతని ముందున్న ప్రశ్న వేడుకకు సంబంధించినదిగా కనిపించినా, నిజానికి బరువైనదే.

హిందుస్థాన్ మోటార్స్ సంస్థ 1984లో కాంటెస్సాను విపణిలోకి తెచ్చింది. ఇంగ్లండులో 1970లలో తయారైన వోక్స్‌హాల్ కారు దీనికి మాతృక. పొడవైన ముందుభాగం, విశాలమైన ఆసనాలు, దూరప్రయాణంలో అలసట కలిగించని నడక దీని ప్రత్యేకతలు. మంత్రులు, ఉన్నతాధికారులు, పారిశ్రామికవేత్తలు ఎక్కి తిరిగిన ఈ కారు సామాన్యుని కంటికి ‘దొరల బండి’. 2002తో దీని తయారీ ఆగిపోయింది. కాబట్టి నేడు లభించేవన్నీ రెండు దశాబ్దాలు దాటినవే. చూపులకు అన్నీ ఒకటిగానే ఉంటాయి. తేడా అంతా బానెట్ కింద ఉంది. “సారూ, రంగు చూసి మురువకుండ్రి, లోపల ఏ ఇంజినున్నదో ముందుగాల అడుగుండ్రి” అని మెకానిక్కు హెచ్చరించడం అందుకే.

మొదటి కాంటెస్సాలలో అంబాసిడర్‌కు వాడిన 1489 సి.సి. పెట్రోలు ఇంజినునే అమర్చారు. దాని శక్తి సుమారు 50 అశ్వశక్తి మాత్రమే. అంత పెద్ద శరీరానికి ఆ బలం చాలలేదు. ఏనుగును ఎడ్లబండికి ఎక్కించినట్లయింది. పైగా అది సీసం కలిపిన పెట్రోలు కాలంనాటి నిర్మాణం. దేశమంతటా 2000లో సీసరహిత పెట్రోలు అమలులోకి వచ్చినందున, ఇటువంటి పాత ఇంజిన్లలో వాల్వు సీట్లు త్వరగా అరిగే అవకాశం ఏర్పడింది. అయితే అంబాసిడర్ తిరిగిన ప్రతి ఊరిలోనూ దీనిని విప్పి బిగించగల చేతులు ఉండటం ఒక ఊరట.

రెండవది జపానుకు చెందిన ఇసుజు సంస్థ రూపకల్పన చేసిన 1817 సి.సి. పెట్రోలు ఇంజిను. శక్తి 80 అశ్వశక్తికి మించింది. అయిదు గేర్లు వచ్చాయి. కాంటెస్సా పేరుకు తగిన నడక దీనితోనే అలవడింది. గోదావరిఖని నుండి హైదరాబాదుకు రాజీవ్ రహదారిపై సుమారు 225 కిలోమీటర్లు. ఏ.సి. వేసుకొని, నలుగురిని కూర్చోబెట్టుకొని, లారీల వరుసను దాటుకుంటూ పోవలసిన ఆ దారిలో తొలి ఇంజిను ఆయాసపడుతుంది, ఇది పడదు.

మూడవది ఇసుజు వారిదే అయిన 1995 సి.సి. డీజిల్ ఇంజిను. బొగ్గు గనుల వారికి డీజిల్‌పై సహజంగానే మక్కువ ఎక్కువ. వందల టన్నుల మట్టిని మోసే డంపర్లు డీజిల్‌తోనే నడుస్తాయి. సులభంగా మండే ఆవిరినిచ్చే పెట్రోలు యంత్రాలకు భూగర్భ గనిలో తావే లేదు. తక్కువ వేగంలోనే ఎక్కువ టార్కు ఇవ్వడం డీజిల్ గుణం. కాని డంపర్‌కు తగినదల్లా విలాసపు కారుకు తగినదని చెప్పలేము. చప్పుడు, కంపనం పెరుగుతాయి. వేగం అందుకోవడం ఆలస్యమవుతుంది. నిశ్శబ్దంగా సాగడమే కాంటెస్సా కొనడానికి కారణమైతే, డీజిల్‌తో ఆ కారణమే పోతుంది.

ఇక ఖర్చు. లీటరు పెట్రోలు 108 రూపాయలు, డీజిల్ 96 రూపాయలనీ, పెట్రోలు బండి లీటరుకు 9, డీజిల్ బండి 12 కిలోమీటర్లు నడుస్తాయనీ అనుకుంటే, కిలోమీటరుకు పెట్రోలు ఖర్చు 12, డీజిల్ ఖర్చు 8 రూపాయలు. ఓవర్‌మన్ ఏడాదికి ఆరుసార్లు హైదరాబాదు వెళ్ళివచ్చి, ఊళ్ళో కొంత తిరిగితే 3,000 కిలోమీటర్లు. మిగులు 12,000 రూపాయలే. అరిగిన ఫ్యూయల్ పంపు, ఇంజెక్టర్లు ఒక్కసారి బాగుచేయించవలసి వస్తే ఆ మిగులు నిలువదు. అదే ఏడాదికి 20,000 కిలోమీటర్లు తిరిగేవారికి మిగులు 80,000 రూపాయలు. లెక్క తిరుగుడును బట్టి మారుతుంది. డీజిల్ చౌక అన్న వాడకట్టు మాట అందరికీ వర్తించదు.

పెట్రోలు వైపు ఒక కొత్త చిక్కు ఉంది. ఇప్పుడు బంకులలో దొరికే పెట్రోలులో ఇథనాల్ 20 శాతం వరకు ఉంటున్నది. పాత రబ్బరు గొట్టాలను, కార్బురేటర్‌లోని వాషర్లను అది మెత్తబరుస్తుంది. కారిన పెట్రోలు వేడి ఇంజిను మీద పడితే అగ్నిప్రమాదమే. కనుక కొన్న వెంటనే ఆ గొట్టాలన్నీ మార్పించడం తప్పనిసరి.

పరీక్షించేటప్పుడు ఇంజిను చల్లగా ఉండగానే మొదటిసారి స్టార్టు చేయించాలి. అమ్మేవాడు ముందుగానే వేడిచేసి ఉంచితే అనుమానించవలసిందే. నీలిపొగ వస్తే ఆయిలు కాలుతున్నట్లు; నల్లపొగ వస్తే ఇంధనం ఎక్కువైనట్లో, గాలి చాలనట్లో గుర్తు. బొగ్గు ధూళి ఎగిరే ఈ ప్రాంతంలో తిరిగిన బండికి ఎయిర్ ఫిల్టర్‌ను విప్పి చూడటం మరవరాదు. వడపోత సరిగా లేని ఇంజినులో ఆ ధూళి సిలిండరును ఆకురాయిలా అరగదీస్తుంది. రామగుండం వేసవి పేరుమోసినది. రేడియేటరును మిట్టమధ్యాహ్నం, ఏ.సి. వేసి పరీక్షించడం మేలు.

ఓవర్‌మన్ వంటివారికి 1817 సి.సి. పెట్రోలు ఇంజిను ఉన్న కారే తగినది. అయితే బేరం ముగించే ముందు ఇంకొక పని మిగులుతుంది. పెట్రోలు ఇంజిను తీసి, డీజిల్ ఇంజిను బిగించుకున్న పాత కార్లు ఎన్నో ఉన్నాయి. అటువంటి మార్పును రవాణా శాఖ ఆమోదంతో ఆర్.సి.లో నమోదు చేయించాలి. లేనిచో ప్రమాదం జరిగిన నాడు బీమా సంస్థ పరిహారం నిరాకరించవచ్చు. ఆ భారమంతా యజమానిపై పడుతుంది. సొంత కార్లకు తొలి 15 ఏళ్ళ తరువాత రిజిస్ట్రేషన్‌ను అయిదేళ్ళకొకసారి పునరుద్ధరించాలి కనుక, ఆ గడువు ఎప్పటివరకున్నదో కూడా అందులోనే చూసుకోవాలి. మసిపట్టిన ఇంజిను దిమ్మెను గుడ్డతో తుడిచి, దానిపై చెక్కిన అంకెలను ఆర్.సి.లోని అంకెలతో ఒక్కొక్కటిగా సరిపోల్చిన తరువాతే బయానా ఇవ్వాలి.