‘నీకేమైంది?’ అని అడగడం ఎలా?

తెలుగులో ‘నీకేమైంది?’ అనే ప్రశ్న రోజూ అడుగుతాం, రోజూ వింటాం. గొంతు పెంచి ‘నీకేమైందే, ఇలా తయారయ్యావ్?’ అంటే అది ప్రశ్న కాదు, తిట్టు. నీలోనే ఏదో లోపం ఉందని దాని అర్థం. అదే మాటని పక్కన కూర్చుని నెమ్మదిగా ‘ఏమైందమ్మా?’ అంటే, నీకు ఏదో కష్టం జరిగినట్టుంది, చెప్పాలనిపిస్తే చెప్పు అని అర్థం. మాట ఒక్కటే. మారింది గొంతు, చూపు, కూర్చున్న చోటు. మన చెన్నైలో చుట్టూ వినిపించే తమిళంలో ‘ఎన్న ఆచ్చు?’ కూడా అంతే.

అలంకార శాస్త్రంలో దీన్ని కాకువు అంటారని మనం చదువుకున్నాం. పలికే తీరు మారితే అర్థం మారుతుంది. వక్రోక్తిలో శ్లేష వక్రోక్తి, కాకు వక్రోక్తి అని రెండు రకాలు రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాం. ఈ కాకువుకి ఆసుపత్రిలో చాలా పెద్ద పని ఉందని నాకు ఈమధ్యే అర్థమైంది. మానసిక వైద్యులకి, నర్సులకి, కౌన్సెలర్లకి ఇచ్చే ఒక శిక్షణ గురించి చదువుతున్నప్పుడు అనిపించిన సంగతి ఇది. ఆ శిక్షణ పేరు ట్రామా ఇన్‌ఫార్మ్‌డ్ కేర్. నేను దీన్ని ‘గాయమెరిగిన సేవ’ అని పిలుచుకుంటున్నాను. ఇంతకంటే మంచి పేరు ఎవరికైనా తోస్తే గోడపత్రిక కింద రాసి పెట్టండి.

గాయం అంటే ఏ గాయం?

ట్రామా అనేది గ్రీకు మాట. దాని అసలు అర్థమే గాయం. మొదట ఒంటి గాయానికి వాడేవారు, తర్వాత మనసు గాయానికీ వాడారు. ప్రమాదం, దాడి, లైంగిక హింస, ఇంట్లో రోజూ కొట్టడం, తుపాను, కళ్ళముందే అయినవాళ్ళు పోవడం, ఇలాంటివి మనిషి తట్టుకునే శక్తిని మించిపోయినప్పుడు మనసుకి గాయమవుతుంది.

ఆపద వచ్చినప్పుడు మన శరీరం మూడు పనుల్లో ఒకటి చేస్తుంది. ఎదురు తిరుగుతుంది, పారిపోతుంది, లేదా కొయ్యబారిపోతుంది. ఇది మనం ఆలోచించి చేసేది కాదు. అందుకే ‘అప్పుడే ఎందుకు అరవలేదు?’ అన్న ప్రశ్నకి అర్థం లేదు. ఆపద దాటిపోయాక కూడా కొందరిలో శరీరం ఇంకా కాపలా కాస్తూనే ఉంటుంది. తలుపు గట్టిగా పడితే ఉలిక్కిపడతారు. ఒక వాసన, ఒక చప్పుడు చాలు, ఆ రోజు మళ్ళీ కళ్ళముందుకి వస్తుంది. జ్ఞాపకం కూడా వరసగా ఉండదు, ముక్కలు ముక్కలుగా ఉంటుంది. కాబట్టి ముందుది వెనక, వెనకది ముందు చెప్పినంత మాత్రాన ఆ మనిషి అబద్ధం చెప్తున్నట్టు కాదు. శిక్షణలో మొదట నేర్పే పాఠాల్లో ఇదొకటి.

ఈ బాధకి వైద్యగ్రంథాల్లో పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అనే పేరు 1980లో చేరింది. మన దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. అంటే వేలమంది కొట్టుకుపోయిన ఆ రాత్రిని చూసి బతికిన మనుషులకి తమ బాధకొక పేరుందని చెప్పడానికి కూడా అప్పటికి ఆ పేరు పుట్టలేదు. పేరు లేని బాధని చుట్టూ ఉన్నవాళ్ళు తలరాత అనో, పిరికితనమనో, గాలి సోకిందనో అనుకుంటారు.

1998లో అమెరికాలో ఫెలిటి, ఆండా అనే వైద్యులు తమ బృందంతో కలిసి ఒక అధ్యయనం ప్రచురించారు. చిన్నతనంలో హింస, నిర్లక్ష్యం ఎంత ఎక్కువగా అనుభవిస్తే, పెద్దయ్యాక కుంగుబాటు, వ్యసనాలే కాదు, గుండెజబ్బులాంటి శరీర రోగాలు కూడా అంత ఎక్కువగా కనిపించాయి. అంటే మానసిక వైద్యుడి దగ్గరికే కాదు, మామూలు ఆసుపత్రికి వచ్చేవాళ్ళలో కూడా పాత గాయాలున్నవాళ్ళు ఉంటారు. వాళ్ళెవరో మొహం చూసి చెప్పలేం.

పుండు మీద కారం చల్లకుండా

2001లో మాక్సిన్ హ్యారిస్, రోజర్ ఫాలట్ అనే ఇద్దరు ఒక ముఖ్యమైన తేడా చెప్పారు. గాయానికి చికిత్స చేయడం వేరు, గాయం ఉండొచ్చని ఎరిగి మెలగడం వేరు. మొదటిది నిపుణుల పని. రెండోది ఆసుపత్రి గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి చీటీ రాసే అమ్మాయి వరకు, ఆయా నుంచి పెద్ద డాక్టరు వరకు అందరి పని. వాచ్‌మన్ కసిరితే, లోపల డాక్టరు ఎంత మెత్తగా మాట్లాడినా అప్పటికే ఆమె మనసు మూసుకుపోయి ఉంటుంది.

అమెరికా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ సాంసా 2014లో దీనికి ఆరు సూత్రాలు చెప్పింది. వచ్చిన మనిషికి భద్రంగా అనిపించాలి. చేసేదంతా దాపరికం లేకుండా చెప్పి నమ్మకం కలిగించాలి. అలాంటి కష్టం దాటి వచ్చినవాళ్ళ తోడు దొరకాలి. ‘నేను చెప్తాను, నువ్వు విను’ అని కాకుండా కలిసి నిర్ణయించాలి. ఆమె మాటకి, ఆమె ఇష్టానికి చోటుండాలి. ఆమె భాష, కులం, మతం, ఆడపిల్లగా ఆమె పడ్డ వివక్ష, వీటిని పక్కన పెట్టేయకూడదు.

శిక్షణలో ఇవన్నీ చిన్న చిన్న పనులుగా మారతాయి. ముట్టుకునే ముందు అడగాలి. బీపీ చూడటానికైనా ‘చెయ్యి పట్టుకోవచ్చా?’ అనాలి. తలుపుకి అడ్డంగా కూర్చోకూడదు, ఆమెకి బయటికి దారి కనిపిస్తూ ఉండాలి. చెప్పినది ఎవరెవరికి తెలుస్తుందో, ఎప్పుడు దాచిపెట్టడం కుదరదో మొదటే చెప్పాలి. జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పించాల్సిన పని లేదు. ఒకరు విని రాసుకుంటే రెండోవారు మళ్ళీ మొదటినుంచి అడగకూడదు. చెప్తూ చెప్తూ ఆమె వణికిపోతే ప్రశ్నలాపి, కాళ్ళు నేలకి ఆనించమని, గదిలో కనిపించే ఐదు వస్తువుల పేర్లు చెప్పమని, ఆమెని ఈ గదిలోకి, ఈ రోజులోకి మెల్లగా తీసుకురావాలి.

మనవాళ్ళు పుండు మీద కారం చల్లడం అంటారే, సరిగ్గా అది జరగకుండా చూడటమే ఈ శిక్షణ. ఇందులో ఇంకో పాఠం కూడా ఉంది. రోజూ ఇతరుల గాయాలు వినేవాళ్ళ మనసు కూడా గాయపడుతుంది. కౌన్సెలర్లకి సెలవు, తోటివాళ్ళతో మాట్లాడుకునే సమయం, పై నిపుణుల సలహా ఉండాలి.

మన చుట్టుపక్కల

ఇదంతా అమెరికా గొడవ అనుకోకండి. అంబత్తూరు ఎస్టేటు దాటితే మొగప్పేరు. అక్కడ ది బనియన్ సంస్థ వాళ్ళ అడైక్కలం ఉంది. 1993లో వందనా గోపికుమార్, వైష్ణవి జయకుమార్ అనే ఇద్దరు యువతులు, మతి చెదిరి వీధుల్లో తిరుగుతున్న ఆడవాళ్ళ కోసం ఆ సంస్థని మొదలుపెట్టారు. అడైక్కలం అంటే ఆశ్రయం. ఏ రైలో ఎక్కి, ఏ ఊరో తెలియకుండా చెన్నైలో దిగిన ఆడవాళ్ళు అక్కడికి చేరతారు. వాళ్ళలో తమిళం రానివాళ్ళూ ఉంటారు. అలాంటి మనిషి నోట సొంత భాషలో వచ్చే ఒక ఊరి పేరు, ఒక బంధువు పేరు ఇంటికి దారి చూపించవచ్చు. 2007లో ఆ సంస్థ బాల్మ్ అనే విద్యాసంస్థని పెట్టి, మానసిక ఆరోగ్యంలో పనిచేసేవాళ్ళకి శిక్షణ ఇవ్వడం కూడా మొదలుపెట్టింది.

ఇదే రాష్ట్రంలో 2001 ఆగస్టు 6న ఏర్వాడిలో నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్న మానసిక రోగులు తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులు వేయడాన్ని పూర్తిగా నిషేధించింది. ఆ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దాని 20వ సెక్షన్ ప్రకారం బలవంతంగా గుండు కొట్టించకూడదు, సొంత బట్టలు కట్టుకోనివ్వాలి, బహిష్టు సమయంలో కావాల్సినవి ఇవ్వాలి. 22వ సెక్షన్ ప్రకారం జబ్బు గురించి, వైద్యం గురించి రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. తెలుగు చదువుకునే మనం ఆ చివరి వాక్యం గుర్తుపెట్టుకోవాలి. భాష ఇక్కడ హక్కు.

మరికొన్ని చట్టాల్లోనూ ఈ ఆలోచన ఉంది. 2012 పోక్సో చట్టంలో, పిల్లల వాంగ్మూలం వాళ్ళ ఇంట్లోనో వాళ్ళు కోరిన చోటో తీసుకోవాలని, పోలీసు అధికారి యూనిఫాంలో ఉండకూడదని ఉంది. 2022 అక్టోబరు 31న సుప్రీంకోర్టు, అత్యాచార కేసుల్లో చేసే ‘టూ ఫింగర్ టెస్ట్’ స్త్రీని మళ్ళీ గాయపరుస్తుందని చెప్పి, దాన్ని వైద్య విద్య పాఠాల్లోంచి తీసేయాలని, వైద్య సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని ఆదేశించింది.

తెలుగు శాఖకి దీనితో ఏం పని?

మనలో చాలామందికి ఇంట్లో ఒక జీతం లేని ఉద్యోగం ఉంది, దుబాసీ పని. ఊరినుంచి వచ్చిన అత్తకి, పక్కింటి పిన్నికి తమిళం రాదు. ఆసుపత్రికి, బ్యాంకుకి, పోలీస్ స్టేషన్‌కి ‘నువ్వు రావే, చదువుకున్నదానివి’ అని మనల్నే తీసుకెళ్తారు.

మా వీధిలో ఒక అక్క ఉంది. ఎస్టేటులో కుట్టుపని చేస్తుంది. ఒక రోడ్డు ప్రమాదం తర్వాత ఆమెకి నిద్ర పోయింది. బస్సు బ్రేకు చప్పుడు వింటే చాలు, చేతులు వణికేవి. తోడుగా నేను ఒక ఆసుపత్రికి వెళ్ళాను. చీటీ రాసేచోట ఒకరు, వరండాలో ఒకరు, గదిలో ఒకరు, ముగ్గురూ మొదటినుంచి అడిగారు. వరండాలో పదిమంది వింటున్నారు. మూడోసారి అక్క ‘ఏం లేదండీ, తలనొప్పి అంతే’ అంది. తలనొప్పి మాత్రలే రాసిచ్చారు.

తర్వాత ఇంకోచోటికి వెళ్ళాం. అక్కడి నర్సుకి వచ్చీరాని తెలుగు. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని, ముందు మంచినీళ్ళిచ్చి, ‘ఈ పాప ఉండగా చెప్తావా అమ్మా, బయట కూర్చోమందామా?’ అని అడిగింది. అక్క కాసేపు ఆలోచించి, నన్ను బయట కూర్చోమంది. ముప్పావుగంట మాట్లాడింది. నా ముందు చెప్పలేని మాట ఒకటి ఉందని నాకప్పుడే తెలిసింది. అదేమిటో ఇప్పటికీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. మనం ఎంత దగ్గరివాళ్ళమైతే మన ముందు అంత చెప్పుకోలేరు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందనే భయం ఊరికే సామెత కాలేదు. అందుకే కుదిరినచోట ఇంటివాళ్ళని, ముఖ్యంగా పిల్లల్ని దుబాసీలుగా పెట్టకూడదని శిక్షణలో చెప్తారు.

పెట్టాల్సి వచ్చినప్పుడు అనువాదం పాఠాలు పనికొస్తాయి. ‘గుండె బరువుగా ఉంది’ అన్న మాటని తమిళంలో ‘నెంజు వలి’ అని చెప్పేస్తే, అది గుండెనొప్పి అయిపోయి ఈసీజీకి పంపుతారు. ‘ఒళ్ళంతా మంట’, ‘తల మొద్దుబారింది’, ‘ప్రాణం ఉసూరుమంటోంది’, ఇవి బాధని చెప్పడానికి మన ఆడవాళ్ళు తయారుచేసుకున్న మాటలు. వాటిని కుదించి ‘నిద్ర లేదట’ అని చెప్పకుండా, ఉన్నదున్నట్టు చెప్పి, ఇది మా భాషలో దిగులుకి కూడా వాడతారండీ అని ఒక ముక్క కలిపితే డాక్టరుకి దారి దొరుకుతుంది. ఆమె ‘నేను’ అంటే మనమూ ‘నేను’ అనే చెప్పాలి. ఆమె ఆగితే మనమూ ఆగాలి. ఆ ఖాళీని మన మాటతో నింపకూడదు.

ఈ వారం చేసి చూద్దాం

ఒకటి. మన ఇళ్ళలో ఓదార్పుగా చెప్పే మాటలు ఒక కాగితం మీద రాయండి. ‘అయిందేదో అయింది, మర్చిపో’, ‘ఊరుకో, ఏడవకు’, ‘పిల్లల మొహం చూసి బతుకు’, ‘అసలు నువ్వక్కడికి ఎందుకెళ్ళావ్?’ ఒక్కోటి మీకే ఎవరైనా చెప్తున్నట్టు పైకి చదవండి. ఏది నోరు తెరిపిస్తుందో, ఏది మూయిస్తుందో తేలిపోతుంది.

రెండు. ‘నీకేమైంది?’ అన్న ప్రశ్నని ఇద్దరిద్దరు కూర్చుని నాలుగు రకాలుగా పలకండి. కాకువు పాఠం పరీక్షకీ పనికొస్తుంది, ఎదుటి మనిషికీ పనికొస్తుంది.

మూడు. 14416 నంబరు ఫోనులో పెట్టుకోండి. అది టెలి మానస్, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య సహాయ నంబరు. అందులో తెలుగులోనూ మాట్లాడొచ్చు. మన తరగతిలో ఎవరికి ఏ గాయముందో మనకి తెలియదు. తెలియకపోయినా ఉండొచ్చని ఎరిగి మాట్లాడటం మనందరికీ చేతనవుతుంది.