మాసమున ప్రథమవార నిర్ణయము : అహర్గణ పద్ధతి, కంప్యూటరు గణన

పంచాంగమునకు గల అయిదు అంగములలో వారమొక్కటియే గ్రహముల స్ఫుటగతితో నిమిత్తము లేనిది. తిథి క్షయము కావచ్చును, వృద్ధి పొందవచ్చును. వారము మాత్రము ఏడు దినముల ఆవృత్తితో ఎడతెగక సాగును. కరణగ్రంథ సంప్రదాయమున తాను సాధించిన అహర్గణమునకు వారము సరిపోనియెడల గణకుడు ఒకటి కలిపియో, తీసివేసియో సవరించుకొనుట పరిపాటి. శాసనకాల నిర్ణయమునందును వారమే గట్టి సాక్షి. నేడు ఈ పనికి పరిశోధకులు కంప్యూటరును ఆశ్రయించుచున్నారు. ఒక సంవత్సరమున ప్రతి మాసమునందును కోరిన వారము మొదట ఏ తేదీన వచ్చునో చెప్పు స్క్రిప్టును వ్రాయుట పది పంక్తుల పని. ఆ పంక్తులలో ఏమి జరుగుచున్నదో మనకు తెలిసియుండవలెను.

కల్యాది క్రీ.పూ. 3102 ఫిబ్రవరి 18, శుక్రవారము. నాటికి గతదినములు సున్న. కావున అహర్గణమును 7చే భాగింపగా శేషము 0 అయిన శుక్రవారము, 1 అయిన శనివారము. ఇట్లే 6 అయిన గురువారము. 2000 జనవరి 1 నాటి అహర్గణము 18,63,079. శేషము 1, శనివారము. అటుపై 25 సంవత్సరముల దినములు, అధికదినములు ఏడింటితో కూడ 9,132. వీనిని కలుపగా 2025 జనవరి 1 నాటి అహర్గణము 18,72,211. శేషము 5, బుధవారము.

కోరిన వారపు సంఖ్యనుండి మాసారంభ శేషమును తీసివేసి, 7 కలిపి, మరల 7చే భాగించి, వచ్చిన శేషమునకు 1 చేర్చిన ప్రథమవారపు తేదీ లభించును. శుక్రవారమునకు 0లో 5 పోగా ఋణ 5. 7 కలుపగా 2. ఒకటి చేర్చగా జనవరి 3. తరువాతి మాసములకు అహర్గణమును మరల సాధింప నక్కరలేదు. 31 దినముల మాసము శేషమును 3, 30 దినముల మాసము 2 ముందుకు జరుపును. 28 దినముల ఫిబ్రవరి కదల్పదు. ఆ లెక్కన 2025లో ప్రథమ శుక్రవారములు జనవరి 3, ఫిబ్రవరి 7, మార్చి 7, ఏప్రిల్ 4, మే 2, జూన్ 6, జూలై 4, ఆగస్టు 1, సెప్టెంబరు 5, అక్టోబరు 3, నవంబరు 7, డిసెంబరు 5.

మధ్యలో 7 కలుపుట ఎందుకు? చిన్న రాశినుండి పెద్దదానిని తీసివేయవలసినపుడు 12 రాశులు కలుపుట జ్యోతిష విద్యార్థికి క్రొత్త గాదు, ఇదియు అట్టిదే. ఋణ 5ను 7చే భాగించిన పైథాన్ భాష శేషము 2 అనును. సి భాష ఋణ 5 అనియే చెప్పును. అందు 7 కలుపుట మరచినచో జనవరికి ఋణ 4వ తేదీ వచ్చును. అది చూడగనే తెలియు తప్పు. 7 కలిపి, మరల భాగించుట మరచుట అంతకంటె ప్రమాదకరము. శుక్రవారపు గణనలో పదునొకండు మాసములు సరిగానే వచ్చి, శుక్రవారముతోనే మొదలైన ఆగస్టులో మాత్రము 1కి బదులు 8 కనబడును.

ఇంతకంటె చిక్కైనది ప్రాచీన తేదీల విషయము. క్రీ.శ. 1582 అక్టోబరు 4 గురువారము వరకు ఐరోపాలో జూలియన్ పద్ధతి. మరునాడు శుక్రవారమే, కాని తేదీ 15 అయినది. బ్రిటిష్ ఏలుబడిలో ఈ మార్పు 1752 సెప్టెంబరులో జరిగెను. రెండు తావులందును తేదీలు దాటినవి గాని వారక్రమము తెగలేదు. అయితే పైథాన్ వంటి భాషల తేదీ విభాగము గ్రెగోరియన్ పద్ధతినే వెనుకకు సాగదీయును. రాక్షసి తంగడి యుద్ధము 1565 జనవరి 23 మంగళవారము జరిగినట్లు రాబర్ట్ సీవెల్ 1900లో ప్రకటించిన విజయనగర చరిత్రలో వ్రాసెను. జూలియన్ తేదీగా గణింపగా అహర్గణము 17,04,231. శేషము 4, మంగళవారమే. అదే తేదీని పైథాన్ కిచ్చిన శనివారమని వచ్చును! ఆ మాసమున ప్రథమ మంగళవారము 2వ తేదీ కాగా, స్క్రిప్టు 5వ తేదీని చూపును. దీనిని నమ్మి సరియైన కాలనిర్ణయమును త్రోసిపుచ్చినచో దోషము సీవెల్‌ది గాదు. ప్రాచీన తేదీలకు నాలుగేండ్ల కొకమారు తప్పక అధికదినమును గైకొని అహర్గణమును మనమే సాధించుట మేలు.

కంప్యూటరు దినము అర్ధరాత్రితో మారును, మన వారము సూర్యోదయముతో మారును. తెల్లవారుజామున జరిగిన దానధర్మములకు ఈ భేదము ఒక వారమును మార్చివేయును.

చాంద్రమాసమునకు పై సూత్రము వర్తించును గాని, మాసారంభమును పంచాంగమునుండి గ్రహింపవలెను. 2025లో శ్రావణ శుద్ధ పాడ్యమి జూలై 25, శుక్రవారము; ప్రథమ శుక్రవారము నాడే. వరలక్ష్మీ వ్రతము శ్రావణమున రెండవ శుక్రవారమని లోకోక్తి. ఆ లెక్కన ఆగస్టు 1 కావలెను. నియమము మాత్రము పూర్ణిమకు ముందటి శుక్రవారము. ఆ యేడు పూర్ణిమ ఆగస్టు 9 శనివారము. వ్రతము 8వ తేదీన, అనగా మూడవ శుక్రవారమున వచ్చినది. ఇట్టి వ్రతనిర్ణయమునకు స్క్రిప్టు మాసారంభమునుండి ముందుకు గాక, పూర్ణిమనుండి వెనుకకు లెక్కింపవలెను.