నాలుగు పాదాలంత పని

లాల్ దర్వాజ, పాతబస్తీ

బిడ్డా,

డ్యూటీకి పోబుద్ధి అయితలేదని, పేషెంటు పిలిస్తెనే విసుగొస్తున్నదని నువ్వు రాసింది చదివిన. మీ అమ్మ పక్షవాతంతో మంచాన పడె, అల్లుని పని పోయె, ఇంటి కిరాయి నీ ఒక్కదాని జీతం మీద పడె. ఇన్నిట్ల విసుగు రాకుంటెనే ఆశ్చర్యం. నిన్ను నువ్వు తిట్టుకోకు.

ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ సాబ్ సంగతి నీకు తెలువాలె. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగిననాడు ఆయన తల్లి, భార్య, కూతురు కండ్ల ముందటనే కొట్టుకపోయిన్రు. తనొక్కడే మిగిలిండు. మీ ఉస్మానియా దవాఖాన దగ్గరి చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాక బతికింది గూడ ఆనాడే. అమ్జద్ సాబ్ ఆ తర్వాత యాభై ఏండ్ల పైన బతికి 1961ల పోయిండు. సర్కారు కొలువు చేసుకుంట ఉర్దూల రాసిండు. రుబాయీ అంటె ఇప్పటికీ ఆయన పేరే చెప్తరు. ఆ వరద మీద గూడ కవిత రాసిండు. దుఃఖం తీరెదాక ఆగి కలం పట్టలేదు బిడ్డా, అది తీరేది గూడ కాదు. రుబాయీకి నాలుగే పాదాలు. అంత దుఃఖం మోసే మనిషి అంత చిన్న పద్యాన్ని పట్టుకునుడు నాకు చాన పెద్ద విషయమనిపిస్తది.

నువ్వు గూడ డ్యూటీ మొత్తం హుషారుగ చెయ్యాలని చూడకు. షిఫ్టుల ఒక్క పని ఎంచుకో. ఒక డ్రెస్సింగో, ఆపరేషనంటె భయపడే ముసలవ్వ పక్కన రెండు నిమిషాలు కూసునుడో. దాన్ని మనసు పెట్టి చెయ్యి. మిగతాయి ఎప్పటి లెక్క నడిపియ్యి. మందు, డోసు మాత్రం రెండుసార్లు చూసుకో, నిద్ర లేనప్పుడు చెయ్యి తప్పుతది.

హెడ్ నర్సమ్మకు ఇంటి సంగతి చెప్పు. కొన్నాళ్లు నైట్ డ్యూటీలు తగ్గియ్యమని అడుగు. దాపెడితె నీ అలసటను పొగరనుకుంటరు.

మంగళవారం, శుక్రవారం నేనొచ్చి మీ అమ్మ దగ్గర కూసుంట. చేతికి చేపిచ్చే కసరత్తు నాకొకసారి చూపియ్యి, నేను చేపిస్త. ఆ రెండు పూటలు నువ్వు కడుపునిండ నిద్రపో. పత్తర్‌గట్టిల ఒక బట్టల దుకాణంల లెక్కలు రాసే మనిషి కావాలంటున్నరు. అల్లున్ని రేపు పొద్దుగాల్నే నా దగ్గరికి రమ్మను, నేనే తోల్కపోత.

మీ పెద్దమ్మ