నెట్ పోయినా లెక్క పోకూడదు

ఈసారి పురుగు రోగాల గురించి కాదు, ఫోన్‌లో రాసుకునే లెక్కల గురించి చెప్తాను.

పోయిన వానాకాలం మా హొసకోటె పక్క గాలివానకి కరెంటు పోయింది. కాసేపటికి సిగ్నల్ కూడా పోయింది. పురుగు నాలుగో జ్వరం లేచి మూడో రోజు. పంట మొత్తం తినే ఆకులో నూటికి 80 వంతులు ఈ ఐదో దశలోనే పోతుందని మీకు తెలిసిందే. మా తోట ఆకు చాలక పక్క ఊరాయన దగ్గర బాకీ పెట్టి కొంటున్నాం. లెక్క గూగుల్ షీట్‌లో ఉంది. నేనూ తమ్ముడూ చెరో ఫోన్‌లో రాస్తాం. షీటును ముందే ఆఫ్‌లైన్‌లో పెట్టుకున్నాం కాబట్టి నెట్ లేకున్నా తెరుచుకుంది. భలే అనుకున్నాను. మోసం అక్కడే జరిగింది.

మేము "ఆకు బాకీ" అని ఒకటే గడి పెట్టుకుని అందులో అంకె మారుస్తూ వచ్చాం. ఆ రోజు అందులో 600 కిలోలు ఉంది. నేను 200 దింపుకుని 800 అని మార్చాను. షెడ్డులో తమ్ముడు 150 దింపుకున్నాడు. వాడి ఫోన్‌లో ఇంకా పాత 600 ఉంది, దాన్ని 750 చేశాడు. మర్నాడు నెట్ వచ్చింది. నాది ముందు పైకి పోయింది, వాడిది తర్వాత పోయి నాదాన్ని కొట్టేసింది. ఉండాల్సింది 950, షీట్‌లో ఉన్నది 750. నేను ఫోన్ చూపించి ఆకాయనతో వాదన పెట్టుకున్నాను. ఆయన జేబులో చిన్న నోటుబుక్కు తీశాడు. 950. పురుగు పండడానికి ఇంకా రెండు మూడు రోజులుంది, ఆయన ఆకు ఆపేసి ఉంటే మా గతేంటో! మంచాయన, ఆపలేదు. నాకే తలెత్తుకోలేక పోయింది.

ఇప్పుడు మొత్తం అంకెను ఎవరం ముట్టుకోము. ప్రతి బండికీ కొత్త వరుస: తేదీ, టైము, కిలోలు. కూడిక షీటే చేస్తుంది. ఇద్దరూ నెట్ లేనప్పుడు ఒకే ఖాళీ వరుసలో రాసినా మళ్లీ అదే గొడవ వస్తుంది. అందుకని ఒకే షీట్‌లో నాకో పేజీ, తమ్ముడికో పేజీ, మూడోదాంట్లో మొత్తం. పొరపాటున అంకె కొట్టుకుపోతే కంప్యూటర్‌లో షీటు తెరిచి వెర్షన్ హిస్టరీ చూడండి, పాతది దొరుకుతుంది.

ఆఫ్‌లైన్‌లో పెట్టడం తెలియనివాళ్లకి: షీట్స్ యాప్‌లో ఫైలు పక్కన మూడు చుక్కలు నొక్కి "మేక్ అవైలబుల్ ఆఫ్‌లైన్" అనేది నొక్కాలి. నెట్ ఉన్నప్పుడే చెయ్యాలి. వేరే లెక్కల యాప్ వాడేవాళ్లు ఎవరి మాటా నమ్మకండి. చాకీ రాకముందు ఒక పూట ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, యాప్ పూర్తిగా మూసి, మళ్లీ తెరిచి రెండు లెక్కలు రాయండి. కొన్ని యాప్‌లు పాతవి చూపిస్తాయి గానీ కొత్తవి రాసుకోవు. లాగౌట్ మాత్రం కావద్దు, సిగ్నల్ లేనప్పుడు ఓటీపీ రాదు.

ఇంట్లో ఫైబర్ నెట్ ఉన్నవాళ్లకి కరెంటు పోతే చాలాసార్లు ఆగేది రౌటరే, లైను బాగానే ఉంటుంది. రౌటర్‌కి పెట్టే చిన్న యూపీఎస్ దొరుకుతుంది. రెండో సిమ్ వేరే కంపెనీది ఉంచుకోవచ్చు, కానీ రెండు కంపెనీలూ ఒకే టవర్ మీద ఉండొచ్చు. మా దగ్గర అంతే.

షెడ్డులో వేడి, తేమ చూసి ఫోన్‌కి మెసేజ్ పంపే మీటరు పెట్టినవాళ్లు ఇంకా జాగ్రత్త. నెట్ పోతే మెసేజ్ రాదు. రాలేదంటే అంతా బాగుందని కాదు. పెద్ద పురుగుకి 24-25 డిగ్రీలు, 70 శాతం తేమ ఉండాలి. గోడకి తడి-పొడి థర్మామీటరు తగిలించే ఉంచండి, రాత్రి లేచి ఒకసారి చూడండి.

ఇంకోటి. 2021 అక్టోబరు 4 రాత్రి వాట్సాప్ ప్రపంచమంతా సుమారు ఆరు గంటలు ఆగిపోయింది. అప్పుడు మన సిగ్నల్ తప్పేమీ లేదు. అలాంటి రోజే గూళ్లు విప్పాల్సి వస్తే ఈ గ్రూపులో ధర రాదు. రీలర్ నంబరు, బండి డ్రైవర్ నంబరు, చంద్రికలు బాడుగకిచ్చే ఆయన నంబరు షెడ్డు తలుపు మీద రాసిపెట్టండి. నేను సున్నంతో రాశాను, వానకి పోయింది. పెయింటుతో రాయండి.