ముందు చెవి చూపించు

రెడ్డిగూడెం,
మే 18.

చి.ల.సౌ. కీర్తికి అమ్మమ్మ ఆశీర్వదించి రాయునది.

రాత్రి నువ్వు పంపిన వాయిస్ మెసేజీ పొద్దున మళ్లీ పెట్టుకుని విన్నాను. ఫోన్లో చెబుదామంటే మధ్యలో చిన్నూ ఏడుస్తాడు, లేకపోతే ఎవరో ఒకరు పలకరిస్తారు, నేను చెప్పిందాంట్లో సగం నీ చెవిన పడదు. అందుకని రాస్తున్నాను. తీరిగ్గా చదువుకుని మీ ఆయన చేత కూడా చదివించు.

చిన్నూకి 22 నెలలు. అమ్మ, తాత, పాపా తప్ప మాటల్లేవు. కావలసింది వేలు పెట్టి చూపిస్తాడు. పిలిస్తే ఒకసారి తిరుగుతాడు, ఒకసారి తిరగడు. మీ అత్తగారు వస పోయమంటున్నారు. మీ మామగారేమో వాళ్లబ్బాయికి నాలుగేళ్లకు గానీ మాట రాలేదు, కంగారెందుకంటున్నారు. పక్క ఫ్లాటావిడ నాలుక కింద నరం కోయించమంది. నువ్వు అర్ధరాత్రి దాకా గూగుల్ చూసి ఏడుస్తున్నావు. ఇదే కదా సంగతి?

వీటన్నిటి మధ్య "ఒకసారి తిరగడు" అని ఒక్క ముక్క అనేసి దాటిపోయావు. నాకు అదే మనసులో ఉండిపోయింది. ఏఎన్‌ఎంగా ఈ మండలంలో ఊరూరా తిరిగినదాన్ని. మాట రాని పిల్లాణ్ణి ఎత్తుకొచ్చిన తల్లి ముందు వాడి నోరు తెరిచి నాలుక చూపించేది. నేను వాడి వెనక్కి వెళ్లి, వాడికి కనపడకుండా గిన్నె మీద చెంచాతో కొట్టేదాన్ని. అది పరీక్ష కిందకి రాదులే, ఒట్టి అనుమానం తీర్చుకోవడానికే.

మాట నోట్లో పుట్టదే పిల్లా. నువ్వు "చిన్నూ" అని పిలిస్తే ఆ శబ్దం కర్ణభేరిని కదిపి, మూడు చిన్న ఎముకల మీదుగా లోపలి చెవికి చేరుతుంది. అక్కడ సన్నటి రోమకణాలు దాన్ని విద్యుత్ సంకేతంగా మారుస్తాయి. శ్రవణ నాడి దాన్ని మెదడు కాండానికి, అక్కడి నుంచి కణతల వెనకున్న మెదడు భాగానికి మోసుకెళుతుంది. ఈ దారి కడుపులో ఉండగానే, ఆరేడు నెలలకే పనిచేయడం మొదలుపెడుతుంది. పుట్టిన రెండు మూడు రోజులకే బిడ్డ అమ్మ గొంతు గుర్తుపడుతుందంటే అందుకే. ఇక మాట బయటికి రావడానికి వేరే ఏర్పాటుంది. మెదడు ముందు భాగం ఏ శబ్దం తర్వాత ఏది పలకాలో వరస కడుతుంది, చిన్నమెదడు ఆ వేగాన్ని సరిచూస్తుంది. పెదవులకు ఒక నరం, నాలుకకు ఒకటి, దవడకు ఒకటి, గొంతుకు ఇంకొకటి. గొంతు నరంలో ఎడమవైపు కొమ్మయితే ఛాతీలోకి దిగి, గుండె నుంచి వచ్చే పెద్ద ధమనిని చుట్టి మళ్లీ పైకొస్తుంది. ఒక్క "అమ్మ" వెనక ఇంత ఉంది.

వినే భాగం, పలికే భాగం వేరువేరని 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టరు చూపించాడు. ఆయన దగ్గరికి వచ్చిన ఒక రోగి ఏమడిగినా "టాన్, టాన్" అనే అనేవాడు. ఎదుటివాళ్లు చెప్పేది చాలావరకు అర్థమయ్యేది, తను మాత్రం అనలేడు. చనిపోయాక చూస్తే మెదడు ఎడమవైపు ముందు భాగం దెబ్బతిని ఉంది. 1874లో జర్మన్ డాక్టరు వెర్నికే దీనికి తిరగేసిన సంగతి చెప్పాడు: గలగలా మాట్లాడతారు, అర్థం మాత్రం పట్టుకోలేరు. చిన్నపిల్లల డాక్టరు నిన్ను మొదట "చెప్పింది అర్థమవుతోందా?" అని అడుగుతుంది చూడు, ఆమెకు కావలసింది ఈ తేడాయే. చేత్తో చూపించకుండా "బూట్లు తీసుకురా" అను. తెస్తే ఒక దారి, తేకపోతే ఇంకో దారి.

అర్థం ముందు, పలుకు తర్వాత ఎందుకంటే, నరాలన్నీ ఒకేసారి తయారు కావు. మన తోటలో మోటారు వైరుకు పైన ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టు నరాల చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర ఏర్పడుతుంది. అది ఉంటేనే సంకేతం వేగంగా, చెదరకుండా పోతుంది. మెదడు కాండంలోని వినికిడి దారికి ఆ పొర పుట్టేసరికే చాలావరకు వచ్చేస్తుంది. పైన భాషను కూర్చే భాగాలకు ఏళ్ల తరబడి వస్తూనే ఉంటుంది. అందుకే కొందరు పిల్లలు అన్నీ అర్థం చేసుకుంటూ మాట ఒక్కటే ఆలస్యం చేస్తారు. అదొక్కటే అయితే భయం తక్కువ.

ఇంకోటి, చెవి విన్నదాన్ని బట్టే మెదడు తన పని మార్చుకుంటుంది. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు కెనడాలో ఇంగ్లీషు ఇళ్లలోని పిల్లలకు హిందీలోని "త", "ట" లాంటి శబ్దాలు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు ఆ తేడా పట్టుకున్నారు. ఏడాది దగ్గరకొచ్చేసరికి చాలామంది పట్టుకోలేకపోయారు. ఇంట్లో వినపడని తేడాను మెదడు పక్కన పెట్టేసింది. మరి ఏదీ సరిగా వినపడని పిల్లాడి మెదడు ఏం పక్కన పెడుతుందో నువ్వే ఆలోచించు. వినికిడి సంగతి "చూద్దాంలే" అనడానికి వీల్లేదని నేను మొండిపట్టు పట్టేది ఇందుకే.

పుట్టినప్పుడు చెవి పరీక్షలో పాసయ్యాడని నువ్వంటావు. ఆ ఓఏఈ పరీక్ష లోపలి చెవి వరకే చూస్తుంది. అవతల నరం ఎలా ఉందో దానికి తెలియదు. చిన్నూకి పుట్టగానే పచ్చకామెర్లు వచ్చి లైటు కింద పెట్టారు, గుర్తుందా? చాలామంది పిల్లలకు పెడతారు, ఏమీ కాదు. కానీ బిలిరుబిన్ మరీ ఎక్కువయితే దాని దెబ్బ శ్రవణ నాడి మీద, మెదడు కాండంలోని వినికిడి కేంద్రాల మీద పడుతుంది. అలాంటి పిల్లలు ఓఏఈ పాసవుతారు, శబ్దానికి ఒకసారి తిరుగుతారు, ఒకసారి తిరగరు. చిన్నూది అదేనని నేననడం లేదు. జలుబు చేసి చెవి పరదా వెనక నీరు చేరినా ఇలాగే ఉంటుంది, దానికి వైద్యం ఉంది. ఆటలో పడి పట్టించుకోకపోయీ ఉండొచ్చు. ఏదో తేల్చేది బెరా పరీక్ష. తల మీద, చెవుల వెనక తీగలు అంటించి టక్ టక్‌మని శబ్దం వినిపిస్తే, సెకనులో నూరో వంతు లోపే నరం నుంచి మెదడు కాండం దాకా అలలను యంత్రం వరసగా రాస్తుంది. పిల్లాడు నిద్రలో ఉండాలి. ముందు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి, పొద్దున పెందరాళే లేపు. నిద్రమందు ఇస్తామంటే డాక్టరు దగ్గరుంటేనే ఒప్పుకో. పరదా వెనక నీరు చూసే ఇంపిడెన్స్ పరీక్ష కూడా అదే పూట చేయించు.

మీరున్నది హైదరాబాదులోనే కాబట్టి సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని అలీ యావర్ జంగ్ వినికిడి సంస్థకు వెళ్లొచ్చు. ఆ సంస్థను 1983లో బొంబాయిలో పెట్టారు, ఇక్కడిది దాని ప్రాంతీయ కేంద్రం. దానికి ఎవరి పేరు పెట్టారో ఆ పెద్దాయన ఉస్మానియాకు వైస్ ఛాన్సలర్‌గా చేసిన మన హైదరాబాదీయే. అక్కడే పక్కన మానసిక ఎదుగుదల చూసే జాతీయ సంస్థ కూడా ఉంది. నీకది ఆటో దూరం. ఇక్కడ మామిడి కోతలకు పోయే తల్లి అయితే మైలవరం మీదుగా బెజవాడ బస్సెక్కాలి, ఆ రోజు కూలి పోతుంది. 2013లో వచ్చిన బాల స్వాస్థ్య కార్యక్రమం నిబంధన ప్రకారం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీ పిల్లలను చూసి, తేడా ఉంటే జిల్లా కేంద్రానికి పంపాలి. పంపడం వరకూ బాగానే ఉంటుంది, మళ్లీ మళ్లీ వెళ్లడం దగ్గరే ఆగిపోతుంది. థెరపీ అంటే ఒకసారి మందు రాయించుకుని వచ్చేది కాదు కదా.

ఒకవేళ వినికిడి లోపమే ఉంటే, అప్పుడూ ఏడవక్కర్లేదు. మిషను పెడతారు. దానికి లొంగకపోతే కాక్లియర్ ఇంప్లాంట్ ఉంది, ఆరోగ్యశ్రీలో చిన్నపిల్లలకు చేయించారు. వయసు మాత్రం లెక్కలోకి వస్తుంది. మూడున్నరేళ్ల లోపు పెట్టిన పిల్లల్లో మెదడు శబ్దానికి స్పందించే వేగం మామూలు పిల్లలతో సమానంగా వస్తుందనీ, ఏడేళ్లు దాటాక పెడితే అలా రావడం కష్టమనీ అను శర్మ అనే ఆవిడ బృందం 2002లో చూపించింది. మీ మామగారి నాలుగేళ్ల లెక్కకు నా జవాబు అదే. ఆయన మాటలో నిజం లేకపోలేదు. ఆలస్యంగా మాట్లాడటం కుటుంబాల్లో వస్తుంది, మగపిల్లల్లో ఎక్కువ కూడా. రెండేళ్లకు నూటికి పది పదిహేనుమంది ఇలాగే ఉంటారు, వాళ్లలో సగానికి పైగా బడికెళ్లే వేళకు అందుకుంటారు. ఎవరు అందుకుంటారో ఇప్పుడే చెప్పలేకపోవడమే చిక్కు.

వస మాత్రం వద్దు. ఎక్కువ మాట్లాడేవాళ్లను "వస పోశారా" అని మనమూ అంటాం, నన్ను చాలామందే అన్నారు. ఆ కొమ్ములో అసరోన్ అనే పదార్థం ఉంటుంది, పసివాళ్లకు వాంతులు, మత్తు వస్తాయి. అమెరికాలో 1968లోనే దాన్ని తిండిలో కలపకూడదన్నారు. మీ అత్తగారితో వాదించకు, అమ్మమ్మ ఒప్పుకోలేదని చెప్పు. ఆవిడకు కోపమొస్తే నా మీద రానీ. నాలుక కింద ఉన్నది నరం కాదు, పొర. అది మరీ బిగుతుగా ఉంటే పాలు తాగడానికి ఇబ్బంది, తర్వాత కొన్ని అక్షరాలు తిరగవు. మాటలే రాకపోవడానికి అది కారణం కాదు. కోయించే ముందు స్పీచ్ థెరపిస్టును అడగండి.

చెవి బాగుందని తేలితే ఆ తర్వాత మాట తీరు చూస్తారు. వేలితో చూపిస్తున్నాడంటే నీతో పంచుకోవాలన్న కోరిక ఉందన్నమాట, అది నాకు ధైర్యం. ఏరోప్లేను కనపడితే చూపించి నీ మొహం వంక చూస్తాడా? అది కూడా డాక్టరుకు చెప్పు. ఉన్న మాటలు పోయినా, చూపు నిలిచిపోయి ఉలుకూ పలుకూ లేకపోయినా అపాయింట్‌మెంటు కోసం ఆగొద్దు, అదే రోజు తీసుకెళ్లు. ఆయా హిందీలో మాట్లాడుతుందని మాన్పించనక్కర్లేదు, రెండు భాషల వల్ల మాట ఆలస్యం కాదు. ఫోన్ మాత్రం పక్కన పెట్టు. రెండేళ్లలోపు పిల్లలకు స్క్రీన్ అసలొద్దని 2021లో మన దేశంలోని పిల్లల డాక్టర్ల సంఘమే చెప్పింది. అన్నం పెడుతూ నువ్వొక మాట అను, ఆగు, వాడు ఏ శబ్దం చేసినా దానికి జవాబివ్వు. ఆ ఆగడమే మనవాళ్లకు చేతకాదు, వాడి వంతు కూడా మనమే మాట్లాడేస్తాం.

ఈ వారంలోనే వెళ్లండి. నాకు నడుం కాస్త తేలిక పడింది కాబట్టి, అవసరమైతే వచ్చి నెల రోజులు ఉంటాను. బెరా రిపోర్టు చేతికొచ్చాక కింద రాసిన "నార్మల్" ఒక్కటీ పంపకు. ఏ చెవికి ఎన్ని డెసిబెల్స్ దాకా ఐదో అల కనపడిందో ఆ పట్టీ మొత్తం వచ్చేలా ఫొటో తీసి పంపు.

ఇట్లు,
మీ అమ్మమ్మ