తేట నీళ్ళన్నీ మంచి నీళ్ళేనా?



పోయిన వానాకాలం ఒక ఆదివారం గెడ్డకి బట్టలు ఉతకడానికి వెళ్ళాం. 6వ తరగతి చదివే మా తమ్ముడు దాహం అన్నాడు. గెడ్డ నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. మా అమ్మమ్మ చేసినట్టే నేను చిల్లగింజ అరగదీసి బకెట్టు నీళ్ళలో కలిపాను. బట్టలు ఆరేలోపు నీళ్ళు తేరుకున్నాయి. వాడు కడుపునిండా తాగాడు. మర్నాడు రాత్రి వాడికి విరేచనాలు పట్టుకున్నాయి. ఆసుపత్రిలో రెండు రోజులు సెలైను ఎక్కించారు.

"తేట నీళ్ళే కదండీ ఇచ్చాను!" అని సైన్సు మాష్టారి దగ్గర ఏడ్చాను. ఆయన "ఏడవకు, చేసి చూద్దాం రా" అన్నారు. మేం చేసిన ప్రయోగాలు ఇవి. మీరూ చేయండి.

ప్రయోగం 1

కావలసినవి: మూడు గాజు గ్లాసులు, బురద నీళ్ళు, పటిక, చిల్లగింజ, గరుకు రాయి.

చేసే విధానం: మూడు గ్లాసుల్లోనూ బురద నీళ్ళు పోయాలి. మొదటిదాన్ని అలాగే వదిలేయాలి. రెండోదానిలో పటిక ముక్కని నాలుగు చుట్లు తిప్పి తీసేయాలి. మూడోదానిలో రాతి మీద అరగదీసిన చిల్లగింజ గంధం కలపాలి. కదపకుండా ఉంచాలి.

చూసింది: గంట తర్వాత మొదటి గ్లాసు ఇంకా మురికిగానే ఉంది. మిగతా రెండింటిలో మట్టి అడుక్కి దిగింది, పైన తేట.

కారణం: సన్నని మట్టి రేణువులకి ఋణ విద్యుదావేశం ఉంటుంది. అందుకే ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి. పటికలోని అల్యూమినియం ధన ఆవేశం దాన్ని పోగొడుతుంది. చిల్లగింజలోని జిగురు రేణువులను అతికిస్తుంది. ముద్దలై, బరువెక్కి దిగిపోతాయి.

ప్రయోగం 2

కాచి చల్లార్చిన గ్లాసుడు నీళ్ళలో చెంచాడు ఉప్పు కరిగించాలి. నాలుగు మడతల గుడ్డలో వడగట్టాలి. చూస్తే ఉత్త నీళ్ళలాగే ఉంటాయి. నాలుక మీద చుక్క వేసుకుంటే ఉప్పన!

అంటే కంటికి కనబడనిది కూడా నీళ్ళలో ఉంటుంది, గుడ్డకి ఆగదు. రోగాలు తెచ్చే బాక్టీరియా ఉప్పులా కరిగేవి కావు గాని, చాలావాటి పొడవు మిల్లీమీటరులో వెయ్యో వంతు దరిదాపుల్లోనే. గుడ్డ కన్నాలు వాటికి సింహద్వారాలే.

తెలుసుకున్నది

మా అమ్మమ్మ పద్ధతి తప్పు కాదు, అది సగం పని. మట్టి దిగుతూ కొన్ని క్రిములను తీసుకుపోతుంది, అన్నింటినీ కాదు. మిగతా సగం పొయ్యి చేయాలి. తేట నీళ్ళను వేరే గిన్నెలోకి వంచి, తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం కాచి, మూతపెట్టి చల్లార్చాలి. చేయి ముంచకుండా కాడ గరిటెతో తీయాలి.

ఎవరికైనా విరేచనాలైతే లీటరు కాచిన నీళ్ళలో 6 టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు (తలకొట్టి కొలవాలి) కలిపి కొంచెం కొంచెం తాగించండి. వెంటనే వార్డెన్ గారికి చెప్పండి.

వార్డెన్ గారికి మనవి: ఈ వానాకాలం హాస్టల్లో కాచిన నీళ్ళకి ఒక గోళెం విడిగా పెట్టించండి. కట్టెలు మేం 9వ తరగతి వాళ్ళం మోస్తాం.

— 9వ తరగతి విద్యార్థి