కిటికీ దగ్గర పుచ్చ మొలక

పిల్లలూ! ఎండాకాలంలో అమ్మమ్మగారి ఊరికి వెళ్ళినప్పుడు రోడ్డు పక్కన పుచ్చకాయలు గుట్టలుగా పోసి అమ్మడం మీరు చూసే ఉంటారు. అక్కడి రైతు విత్తనాన్ని నేరుగా నేలలోనే పెడతాడు. ఏటిలో నీరు తగ్గాక తేలిన ఇసుకలో కూడా గుంటలు తీసి, ఎరువు వేసి పుచ్చ పాదులు పెడతారు. మరి ఇల్ఫర్డ్‌లో మన పెరట్లో ఏప్రిల్‌లో అలా పెడితే ఏమవుతుంది? విత్తనం మొలవదు. మట్టిలోనే కుళ్ళిపోతుంది.

దీనికి కారణం చలి. పుచ్చ విత్తనం చక్కగా మొలవాలంటే మట్టి 25 నుండి 30 డిగ్రీల వెచ్చదనంతో ఉండాలి. ఏప్రిల్‌లో ఇక్కడి నేలలో అందులో సగం కూడా ఉండదు. పోనీ జూన్ దాకా ఆగుదామంటే, కాయ పండేలోపే మళ్ళీ చలి వచ్చి పడుతుంది. అందుచేత మొదటి ఐదారు వారాలు మొక్కను ఇంట్లో పెంచుతాము. మన ఊళ్ళలో మిరపకు నారు పోసినట్లే ఇదీను. అయితే మిరప నారు పీకి నాటినా నిలదొక్కుకుంటుంది. పుచ్చకు వేరు కదిలితే కోపం! అందుకని ఒక్కొక్క మొక్కకు ఒక్కొక్క కుండీ ఉండాలి.

పాత వార్తాపత్రికను డబ్బా చుట్టూ చుట్టి, అడుగు మడిచి కాగితపు కుండీ చేయండి. తరువాత దానితో సహా నాటవచ్చు. అందులో విత్తనాలకని అమ్మే మెత్తని కంపోస్టు నింపండి. పెరటి మట్టి వద్దు, అది గట్టిపడుతుంది. గింజలేని పుచ్చకాయలో కనిపించే తెల్లని పొట్టు గింజలు మొలవవు. షుగర్ బేబీ వంటి త్వరగా పండే చిన్నకాయ రకం గింజలు తెచ్చుకోండి. ఏప్రిల్ చివరి వారాలలో, కుండీకి రెండు చొప్పున, ఒక సెంటీమీటరు లోతున, పక్కకు నిలబెట్టి పెట్టండి. తడిపి, పైన పాలిథీన్ కప్పి వెచ్చని చోట ఉంచండి. రేడియేటరు మీద నేరుగా పెట్టకండి. అడుగు ఎండిపోతుంది.

వారం, పది రోజులలో వంగిన మెడ ఒకటి మట్టిలో నుండి లేస్తుంది. వెంటనే పాలిథీన్ తీసి దక్షిణపు కిటికీ దగ్గరకు మార్చండి. బీజదళాల మీద విత్తనపు పెంకు టోపీలా ఉండిపోతే గోటితో పీకకండి. కాస్త తడిపితే అదే ఊడుతుంది. రెండు మొలకలలో బలహీనమైనదాన్ని కత్తెరతో కత్తిరించండి. పీకితే రెండవదాని వేరూ కదులుతుంది. రాత్రి తెర వేసినప్పుడు కుండీని తెరకు ఇవతల, గదిలోనే ఉంచండి. తెరకూ అద్దానికీ మధ్య చలి ఎక్కువ.

నీళ్ళు లేక చచ్చే మొలకల కంటే నీళ్ళు ఎక్కువై చచ్చేవే ఎక్కువని నా అనుభవం. మట్టి ఎప్పుడూ బురదగా ఉంటే బూజు పట్టి, కాడ మొదట్లో సన్నబడి మొలక ఒరిగిపోతుంది. పైమట్టి కొంచెం ఆరాకే నీళ్ళు పోయండి.

ఒక ఏడాది మే మొదటి వారంలో మంచి ఎండ కాసిందని మేము ఆరు మొక్కలనూ తోటలో నాటేశాము. మూడవ రాత్రి మంచు కురిసింది. తెల్లవారేసరికి ఆకులు ఉడికిన తోటకూరలా వాలిపోయాయి. అప్పటినుండి మే చివరలో వారం, పది రోజులు పగలు బయట, రాత్రి లోపల ఉంచి అలవాటు చేస్తున్నాము. జూన్‌లో ఎండ తగిలే గోడ వారనో, గాజు గదిలోనో నాటుతాము.

గాజు గది అంటే గుర్తొచ్చింది. మీరు ఆడుకునే వాలెంటైన్స్ పార్కులోని భవనం దగ్గర పూర్వం ఒక ద్రాక్షతీగ ఉండేది. దాని కొమ్మను తీసుకువెళ్ళి 1768లో హాంప్టన్ కోర్టు రాజభవనంలో నాటారు. అది గాజు కప్పు కింద ఈనాటికీ కాస్తోంది.

చేసి చూడండి: ఒక మొలకను కిటికీ దగ్గర, మరొకదాన్ని గది మూల ఉంచండి. వారం తరువాత రెండు కాడలనూ స్కేలుతో కొలవండి. ఏది పొడుగు? ఏది బలంగా నిలబడింది? పొడుగుదే బలమైనదా? మీ నోటుపుస్తకంలో బొమ్మ వేసి రాయండి.